తెలుగు బటన్ నొక్కాక: ఒక దరఖాస్తు పోర్టల్ యాక్సెసిబిలిటీ ఆడిట్ డైరీ

సోమవారం

వికలాంగులు కూడా ఇబ్బంది లేకుండా వాడగలరా అని వెబ్‌సైట్లను పరీక్షించడం, అంటే యాక్సెసిబిలిటీ ఆడిట్, నా పని. ఈసారి చేతికొచ్చింది దరఖాస్తుల పోర్టల్. వృత్తి కోర్సుల్లో చేరాలనుకునేవాళ్లు ఫోన్ నంబరుతో లాగిన్ అవుతారు, వివరాలు నింపుతారు, ఫొటో, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేస్తారు, ఫీజు కడతారు. కొన్నాళ్లకు హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటారు. పేజీ పైన కుడి మూల "తెలుగు" అని ఒక బటన్ ఉంది. నొక్కితే అంతా తెలుగులోకి మారుతుంది.

సంస్థ పేరు రాయను. ఒప్పందంలో వాళ్లు అడిగింది వికాగ్ 2.1, డబుల్ ఏ స్థాయి. వికాగ్ అంటే వెబ్‌సైట్లు అందరికీ అందుబాటులో ఉండేందుకు పాటించాల్సిన అంతర్జాతీయ నిబంధనలు. మన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలైన జీఐజీడబ్ల్యూ 3.0 కోరేదీ ఆ స్థాయే. మేం మాత్రం 2023 అక్టోబరులో వచ్చిన వికాగ్ 2.2 ప్రకారం చూస్తున్నాం. కనీస స్థాయి అయిన "ఏ", దాని పైదైన "డబుల్ ఏ" రెండూ కలిపి 55 నిబంధనలు. లాగిన్, ఓటీపీ, చిన్న బటన్ల గురించి 2.1లో లేని షరతులు ఇందులో ఉన్నాయి. ఈ పోర్టల్‌లో జనం ఆగిపోయేది సరిగ్గా ఆ చోట్లలోనే.

వాళ్ల దగ్గర పాత ఆడిట్ రిపోర్టు ఒకటి ఉంది. ఇంగ్లీషు పేజీలన్నీ శ్రద్ధగా చూశారు. తెలుగు పేజీల దగ్గరికొచ్చేసరికి ఒకటే వాక్యం: "నిర్మాణం ఒకటే కాబట్టి అవే ఫలితాలు వర్తిస్తాయి." దీన్ని నేను ఒప్పుకోను. నిర్మాణం ఒకటే అయినా భాష మారితే చూపులేనివాళ్లకు పేజీని చదివి వినిపించే గొంతు మారుతుంది, ఫాంటు మారుతుంది, అక్షరం ఆక్రమించే ఎత్తు మారుతుంది, బటన్ మీద మాట పొడవు మారుతుంది. పైగా ఈ పోర్టల్ కట్టిందే ఆ తెలుగు బటన్ నొక్కేవాళ్ల కోసం. అందుకని ఆడిట్ తెలుగు వైపు నుంచే మొదలుపెట్టి, ఇంగ్లీషును తర్వాత చూద్దామని వాళ్లకు చెప్పేశాను.

ఏ పేజీలు చూడాలన్న దానికి వికాగ్‌ను తయారుచేసే డబ్ల్యూ3సీ వాళ్ల వికాగ్-ఈఎం పద్ధతి ఉంది: ముఖ్యమైన పేజీలు, రకానికి ఒకటి చొప్పున కొన్ని, ఎంచకుండా తీసిన మరికొన్ని. నేను ఇంకో షరతును పట్టుకుని కూర్చుంటాను. వికాగ్ ప్రకారం ఒక పని కొన్ని పేజీల మీదుగా సాగేదైతే, ఆ పేజీలన్నీ నెగ్గితేనే ఏ ఒక్కటైనా నెగ్గినట్టు లెక్క. తొమ్మిది మెట్లు బాగుండి పదో మెట్టు దగ్గర క్యాప్చా (వాడేది మనిషేనా అని చూసే పరీక్ష) అడ్డం పడితే, ఆ దరఖాస్తు మొత్తం ఫెయిలే. కాబట్టి లాగిన్ నుంచి ఫీజు రసీదు దాకా ఒక్క తెర కూడా వదలం. పేమెంట్ పేజీ వేరే కంపెనీది. అదీ చూస్తాం. దరఖాస్తు పెట్టే మనిషికి అది వేరే కంపెనీ అని తెలియాల్సిన పని లేదు.

మంగళవారం

ఆటోమేటిక్ టూల్స్ రోజు. యాక్స్, వేవ్ రెండూ నడిపాం. మామూలుగా దొరికేవే దొరికాయి. లేత బూడిద రంగు అక్షరాలు, లేబుల్ లేని పెట్టెలు, ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే వివరణ) లేని బొమ్మలు. వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల హోమ్ పేజీలను ఇలాగే పరీక్షిస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో టూల్‌కు చిక్కే తప్పులే కనిపించాయి. అందులో అన్నిటికన్నా ఎక్కువ అక్షరం రంగుకూ దాని వెనక రంగుకూ మధ్య తేడా చాలకపోవడమే. మామూలు అక్షరాలకు అది కనీసం 4.5:1 ఉండాలి.

టూల్ పచ్చ టిక్కు పెట్టిన ఒక వరుస దగ్గర మాత్రం ఆగాను. "పేజీ భాష ప్రకటించారు: సరే." తెలుగు బటన్ నొక్కి, పేజీ కోడ్ మొదట్లో ఉండే ట్యాగు తెరిచి చూస్తే, పేజీ ఏ భాషలో ఉందో చెప్పే లాంగ్ విలువ ఇంకా ఇంగ్లీషే. తెరమీద మాటలన్నీ తెలుగులోకి వచ్చాయి, ప్రకటన మాత్రం పాతదే ఉండిపోయింది. టూల్‌కు కావలసింది లాంగ్ అనే గుణం ఉందా, దాని విలువ చెల్లేదా అన్నదే. కింద ఉన్న అక్షరాలు ఏ భాషవో అది పోల్చి చూడదు. పాత రిపోర్టులో కూడా ఇది పాసే.

ఇది చిన్న విషయం కాదు. తెరమీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, అంటే స్క్రీన్ రీడర్, ఏ గొంతుతో చదవాలో ఎంచుకునేది ఈ గుణాన్ని చూసే. ఇంగ్లీషు అని రాసి ఉంటే ఇంగ్లీషు గొంతునే పిలుస్తుంది. ఆ గొంతుకు తెలుగు రాకపోతే కొన్ని సింథసైజర్లు (గొంతును పుట్టించే ప్రోగ్రాములు) వాక్యాన్ని మింగేస్తాయి, కొన్ని ముక్కలు ముక్కలుగా ఏదో పలుకుతాయి. ఇది వికాగ్‌లో 3.1.1 నంబరు నిబంధన, అదీ కనీస స్థాయి అయిన "ఏ"లో. కట్టడంలో మొదటి ఇటుకలాంటి నిబంధన.

పోర్టల్ రాసిన అమ్మాయికి ఫోన్ చేశాను. "భాష మారినప్పుడు పేజీ మళ్లీ లోడ్ అవ్వదు మేడమ్, మాటలే మారతాయి. దాంతో పాటు లాంగ్ కూడా మార్చాలని ఎవరూ చెప్పలేదు," అంది. సాయంత్రంలోపు టెస్ట్ సర్వర్‌లో సరిచేసింది. దిద్దడానికి ఒక్క వరుస కోడ్ చాలు.

బుధవారం

మౌస్ తీసి పక్కన పెట్టాం. ట్యాబ్, షిఫ్ట్ ట్యాబ్, ఎంటర్, స్పేస్, బాణాలు. ఇంతే.

హోమ్ పేజీ తెరవగానే "ముఖ్య గమనిక" అనే పెట్టె పైకి వస్తుంది. ట్యాబ్ నొక్కితే ఫోకస్ (కీబోర్డు ఇప్పుడు దేని మీద ఉందో ఆ చోటు) దాని వెనక ఉన్న మెనూలో తిరుగుతోంది, పెట్టెలోకి రావడం లేదు. మూసే గుర్తు మౌస్‌కే పలుకుతుంది. ఎస్కేప్ పనిచేయదు. చేతులు వణికే మనిషి, మౌస్ పట్టలేని మనిషి ఇక్కడే ఆగిపోవాలి. అది మొదటి తెర.

దాని కింద ప్రకటనలు కుడి నుంచి ఎడమకు పరుగెడుతున్నాయి. పక్కన "కొత్త" అని మెరిసే బొమ్మ. దానంతటదే మొదలై, పక్కన వేరే సమాచారం ఉండగా 5 సెకన్లకు మించి కదిలే దేనికైనా ఆపే వీలు ఉండాలన్నది 2.2.2 నంబరు నిబంధన. మన దగ్గర ఈ పరుగెత్తే వార్తలంటే ఎందుకో అంత ఇష్టం. నెమ్మదిగా చదివేవాళ్లకు వాక్యం చివరికి వచ్చేలోపు మొదలు మాయమైపోతుంది. దరఖాస్తుకు చివరి తేదీ ఉన్నది ఆ పరుగెత్తే వరుసలోనే! ఆపే బటన్ పెట్టమని కాదు, ఆ వరుసనే తీసేసి మామూలు జాబితా పెట్టమని రాశాను.

పుట్టిన తేదీ దగ్గర క్యాలెండర్. టైప్ చేయనివ్వదు. నెలకో బాణం చొప్పున వెనక్కి వెళ్లాలి, ఆ బాణాలు కీబోర్డుకు అందవు. ఇరవై ఏళ్ల పిల్ల తన పుట్టిన సంవత్సరం చేరడానికి మౌస్‌తోనే రెండు వందలకు పైగా నొక్కులు. ఇక్కడ క్యాలెండర్ ఎందుకు? తమ పుట్టిన తేదీ అందరికీ తెలుసు. రోజు, నెల, సంవత్సరం మూడు మామూలు పెట్టెలు చాలు.

జిల్లా ఎంచుకునే జాబితా కూడా సొంతంగా కట్టిందే, కీబోర్డుకు తెరుచుకోదు. బ్రౌజర్‌తో వచ్చే మామూలు సెలెక్ట్ పెట్టె ఇవన్నీ ఉచితంగా ఇస్తుంది. అందం కోసం దాన్ని వదిలేసి డివ్‌లతో, అంటే ఏ అర్థమూ లేని ఖాళీ డబ్బాలతో, కట్టుకున్న ప్రతిచోటా కీబోర్డు, ఫోకస్, పేరు, స్థితి అన్నీ మనమే రాసుకోవాలి. రాయరు. నేను చూసిన పోర్టళ్లలో సగం కష్టాలు ఇక్కడివే.

గురువారం

మాస్టారు వచ్చారు. డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతారు, పుట్టుకతో చూపు లేదు. మాతో టెస్టింగ్ చేస్తారు, గంటకింతని ఫీజు తీసుకుంటారు. అది దయ మీద నడిచే పని కాదు, నైపుణ్యం. ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్, దానికి ఈస్పీక్ తెలుగు గొంతు. ఎన్‌వీడీఏ ఉచితం, ఓపెన్ సోర్స్. 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని మైకేల్ కరన్ మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. ఈస్పీక్ గొంతు మరమనిషిలా ఉంటుంది. మాస్టారు దాన్ని నేను అనుసరించలేనంత వేగంలో పెట్టుకుంటారు.

ఆయనకు ఏ సూచనా ఇవ్వలేదు. "దరఖాస్తు పెట్టండి మాస్టారూ," అన్నానంతే.

ఓటీపీ దగ్గర ఆగారు. ఆరు అంకెలకు ఆరు వేరు పెట్టెలు. ఒక్కోదాని మీదకు వెళ్లినప్పుడల్లా "ఎడిట్, బ్లాంక్". ఎన్నో పెట్టెలో ఉన్నారో చెప్పదు. అంకె కొట్టగానే ఫోకస్ తనంతట తాను తర్వాతి పెట్టెలోకి దూకుతుంది. ఒక అంకె తప్పు పడితే ఎక్కడ తప్పిందో తెలియదు. సరే, మెసేజ్ నుంచి కాపీ చేసి పేస్ట్ చేద్దామంటే పేస్ట్ ఆపేశారు. "భద్రత కోసం" అని తర్వాత కారణం చెప్పారు. ఓటీపీ కొద్ది నిమిషాల్లో చెల్లకుండా పోయేది. దాన్ని పేస్ట్ చేస్తే పోయే భద్రత ఏమిటో ఎవరూ చెప్పలేకపోయారు. గుర్తుపెట్టుకునో, చూసి ఎక్కించో తీరాలని లాగిన్‌లో బలవంతం చేయకూడదన్నదే వికాగ్ 2.2లో కొత్తగా వచ్చిన 3.3.8 నిబంధన. ఒకే పెట్టె, దానికి "6 అంకెల ఓటీపీ" అనే లేబుల్, ఫోన్ తనంతట తానే నింపేలా ఆటోకంప్లీట్ విలువ. ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఆ తర్వాత క్యాప్చా. వంకర అక్షరాల బొమ్మ. పక్కన శబ్దం గుర్తు ఉంది, కానీ నొక్కితే అమెరికన్ యాసలో ఇంగ్లీషు అక్షరాలు, వెనక హోరు. మాస్టారికి ఇంగ్లీషు బాగా వచ్చు, అయినా రెండుసార్లు విన్నారు. ఊళ్లో తెలుగు మీడియం చదివి, చూపులేని పిల్ల ఇక్కడికి వస్తే ఏం చేయాలి? అప్పటికే ఓటీపీతో మనిషిని నిర్ధారించుకున్నారు. ఈ క్యాప్చా ఎవరిని ఆపుతోందో నాకు అర్థం కాలేదు. తీసేయమని రాశాను.

ఫారంలో కావాలనే ఒక పెట్టె ఖాళీగా వదిలి "సమర్పించండి" నొక్కారు. నిశ్శబ్దం. మళ్లీ నొక్కారు. నిశ్శబ్దం. తెరమీద పెట్టె అంచు ఎర్రబడింది, పైన ఎక్కడో చిన్న అక్షరాల్లో "దయచేసి తప్పులు సరిచేయండి" అని వచ్చింది. రెండూ ఆయనకు అందలేదు.

"పంపించానా లేదా?" అని అడిగారు.

"పోలేదు మాస్టారూ. పైన ఎర్రగా చూపిస్తోంది."

"ఎరుపు నాకెందుకమ్మా, మాట చెప్పమను."

ఆ వాక్యాన్ని రిపోర్టులో ఉన్నదున్నట్టు పెడుతున్నాను. నిబంధనల లెక్కలో ఇవి మూడు వేర్వేరు లోపాలు: రంగు ఒక్కదానితోనే చెప్పడం, తప్పు ఎక్కడుందో మాటల్లో చెప్పకపోవడం, తెరమీద మారిన స్థితిని స్క్రీన్ రీడర్‌కు అందించకపోవడం. కానీ మూడూ కలిసి చేసిన పని ఒకటే. పంపానో లేదో తెలియని స్థితిలో మనిషిని వదిలేశాయి.

ఇంకో సంగతి ఇంగ్లీషు ఆడిట్‌లో ఎప్పటికీ బయటపడేది కాదు. తెలుగు పేజీలో బటన్ మీద "ముందుకు" అని కనిపిస్తుంది, మాస్టారికి "నెక్స్ట్ స్టెప్" అని వినిపిస్తుంది. ఏరియా-లేబుల్‌లో, అంటే స్క్రీన్ రీడర్ కోసం కోడ్‌లో రాసే లోపలి పేరులో, ఉన్న మాటలు అనువాదం ఫైలులోకి రానేలేదు. కంటికి కనిపించినవన్నీ తర్జుమా అయ్యాయి, చెవికి వినిపించేవి మిగిలిపోయాయి. పైగా తెలుగు గొంతు ఆ ఇంగ్లీషు మాటల్ని తన ధోరణిలో పలుకుతుంది, సగం అర్థం కావు. గొంతుతో ఫోన్ నడిపేవాళ్లకూ ఇదే చిక్కు. తెరమీద చూసిన మాట పలుకుతారు. లోపలి పేరులో ఆ మాట లేకపోతే బటన్ కదలదు. 2.5.3 నిబంధన చెప్పేది ఇదే.

మధ్యలో ఇంకొకటి. మాస్టారు ఆదాయ ధృవపత్రం వివరాలు జాగ్రత్తగా వింటూ నింపుతుండగానే సెషన్ అయిపోయింది. హెచ్చరిక లేదు. నింపిందంతా పోయింది. గడువు పెట్టుకోవచ్చు, కాదనడం లేదు. ముగిసే ముందు చెప్పాలి, పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలి, అలా కనీసం పదిసార్లు పొడిగించుకోనివ్వాలి. ఇది వికాగ్‌లో అంకెలతో సహా రాసి ఉన్న మాట.

శుక్రవారం

వత్తుల రోజు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించిన రోజు కూడా.

బ్రౌజర్‌లో అక్షరాల్ని 200 శాతానికి పెంచాం. ఇంగ్లీషులో దాదాపు ఇబ్బంది లేదు. తెలుగులో జిల్లాల జాబితాలో కృష్ణా "కృషా" అయింది, "రాష్ట్రం" కింద రెండు వత్తులూ పోయాయి, "దరఖాస్తు"లో త వత్తు సగం తెగింది. కారణం తెలిసిందే. పెట్టె ఎత్తు పిక్సెళ్లలో బిగించారు, వరుస ఎత్తు ఒకటి అని పెట్టారు, పొంగినదాన్ని దాచేయమన్నారు. ఇంగ్లీషు అక్షరం కిందికి దిగేది కాస్తే. మనకు గుడులు, దీర్ఘాలు పైకి వెళ్తాయి, వత్తులు కిందికి దిగుతాయి, ఒక్కోసారి వత్తు కింద వత్తు. ఆ కొలతలు మన లిపిని దృష్టిలో పెట్టుకుని వేసినవి కావు.

తక్కువ చూపున్నవాళ్లు అక్షరాలు పెంచుకునేది చదవడానికే. పెంచినకొద్దీ అక్షరం తెగిపోతుంటే వాళ్లకు ఇచ్చిందేమిటి? స్థిరమైన ఎత్తు తీసేసి కనీస ఎత్తు పెట్టమని, వరుస ఎత్తు 1.6 కన్నా తగ్గించవద్దని, తెగిన ప్రతిచోటా స్క్రీన్‌షాట్ జతచేసి రాశాను.

1.4.12 నిబంధన కూడా ఇక్కడే చూశాం: అక్షరం సైజుతో పోల్చి వరుసల మధ్య 1.5 రెట్లు, పేరాల మధ్య 2 రెట్లు, అక్షరాల మధ్య 0.12, మాటల మధ్య 0.16 దూరం పెంచినా ఏదీ కనుమరుగు కాకూడదు. లిపికి సహజం కాని దూరాల విషయంలో ఆ నిబంధనే మినహాయింపు ఇస్తుంది. కాబట్టి అక్షరాల మధ్య దూరం దగ్గర తెలుగును గట్టిగా పట్టలేదు. వరుసల దూరం దగ్గర మాత్రం ఏ మినహాయింపూ వర్తించదు, అక్కడే ఫెయిల్.

400 శాతం జూమ్‌లో, అంటే 320 పిక్సెళ్ల వెడల్పులో, "సమర్పించండి" బటన్ తెర దాటి పోయింది. ఇంగ్లీషు మాట పొట్టిది, అక్కడ సరిపోయింది. రంగుల తేడా లెక్క ప్రకారం నెగ్గిన చిన్న అక్షరాలు కూడా తెలుగులో నిండిపోయి మసకగా ఉన్నాయి. దాన్ని లోపంగా రాయలేం, లెక్కలో పాసే. సూచనగా రాశాను.

మళ్లీ సోమవారం

సంస్థ వాళ్లతో కూర్చున్నాం. మొదటి ప్రశ్న నేను అనుకున్నదే: "సైటు మీద అతికించే విడ్జెట్ ఒకటి ఉందట కదండీ, ఒక్క వరుస కోడ్ పెడితే అంతా సరిపోతుందట?" సరిపోదు. లేబుల్ లేని పెట్టెలో ఏం నింపాలో పైనుంచి అతికించిన స్క్రిప్టుకు ఎలా తెలుస్తుంది? తెగిన వత్తును అది అతికించలేదు. ఆటోమేటిక్‌గా ఏ వెబ్‌సైటునైనా వికాగ్‌కు తగ్గట్టు చేస్తామని చెప్పుకున్న ఇలాంటి ఒక కంపెనీ చేత అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025లో 10 లక్షల డాలర్లు కట్టించింది. అది చెప్పాక ఆ మాట మళ్లీ రాలేదు.

రెండో ప్రశ్న: "ఇది సూచనే కదా, తప్పనిసరా?" ఇక్కడ కాస్త సేపు మాట్లాడాల్సి వచ్చింది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, సేవలందించేవాళ్లు సర్కారైనా ప్రైవేటైనా నిబంధనల ప్రకారం అందుబాటులో ఉంచాలని 46వ సెక్షన్ చెబుతుంది. 2024 నవంబరు 8న రాజీవ్ రతూరీ కేసులో సుప్రీంకోర్టు, 2017 నియమాల్లోని 15(1) చట్టానికి విరుద్ధమని తేల్చింది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని ఆ నియమం ఒట్టి సలహాగా మార్చేసిందని, తప్పనిసరి ప్రమాణాలేవో మూడు నెలల్లో విడదీసి చెప్పాలని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు ముందుంచిన నివేదిక తయారైంది హైదరాబాద్‌లో, నల్సార్ విశ్వవిద్యాలయం వికలాంగుల అధ్యయన కేంద్రంలో. మన ఊళ్లో జరిగిన పని అది. మన ఊళ్లో కట్టే పోర్టళ్లకే దాని సంగతి తెలియకపోతే ఎలా అని అడిగాను.

ఫొటో మెట్టు దగ్గర "కళ్లు ఆర్పండి" అనే లైవ్ పరీక్ష ఉంది. దాని మీద 2025 ఏప్రిల్ 30 నాటి ప్రజ్ఞా ప్రసూన్ తీర్పు చూపించాను. యాసిడ్ దాడిలో ముఖం, కళ్లు దెబ్బతిన్నవాళ్లు బ్యాంకుల్లాంటి చోట్ల అడిగే గుర్తింపు తనిఖీ (కేవైసీ) దాటలేకపోతున్నారని వేసిన కేసు అది, చూపులేని అమర్ జైన్ వేసిన కేసుతో కలిపి విన్నారు. డిజిటల్ సేవల అందుబాటు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని, కళ్లు ఆర్పడం ఒక్కటే పరీక్షగా ఉండకూడదని కోర్టు చెప్పింది. సంస్థ సాంకేతిక అధిపతి చాలాసేపు ఆ పేజీ చదివి, "దీనికి వేరే దారి పెడతాం," అన్నారు. ఈ సమావేశంలో నాకు నచ్చిన మాట అదే.

బుధవారం

పీడీఎఫ్‌లు. నోటిఫికేషన్, సిలబస్, అర్హతల పట్టిక, ఫీజు మినహాయింపుల వివరాలు. తెరమీద చక్కని తెలుగు. కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెడితే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల గందరగోళం. అను ఫాంట్లలో టైప్ చేసినవి. ఆ పాత ఫాంట్లలో తెలుగు రూపం మాత్రమే ఉంటుంది. లోపల నిక్షిప్తమైన సంకేతాలు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా గుర్తించే ఉమ్మడి అక్షర సంకేతాలు) తెలుగువి కావు. స్క్రీన్ రీడర్ చదివేది ఆ సంకేతాలనే. మాస్టారికి ఈ పత్రాలు ఏ భాషలోనూ లేనట్టే. ఇవి వెతికినా దొరకవు, ఫోన్‌లో చదివి వినిపించమన్నా పలకవు. మరికొన్ని స్కాన్ చేసిన బొమ్మలు, వాటిలో అక్షరమే లేదు.

దీనికి టూల్ రిపోర్టులో ఒక్క ఎర్ర గీత కూడా లేదు. పీడీఎఫ్‌కు ట్యాగులున్నాయి, శీర్షిక ఉంది, పాస్.

దారి ఒకటే: యూనికోడ్‌లోకి మార్చడం, మార్చాక మనిషి కూర్చుని దిద్దడం, వీలైనంతవరకు పీడీఎఫ్ మానేసి మామూలు వెబ్ పేజీగా పెట్టడం. మార్పిడి టూల్స్ ఉన్నాయి గానీ వత్తుల దగ్గర, ముఖ్యంగా కొన్ని సంయుక్తాక్షరాల దగ్గర తప్పులు వస్తాయి. ఫీజు మినహాయింపు పట్టికలో ఒక అక్షరం తప్పినా ఊరుకోలేం. ఇంత పనా అన్నారు డీటీపీ వాళ్లు. కొత్త పత్రాలు ఇక మీదట యూనికోడ్‌లోనే అని లిఖితపూర్వకంగా తీసుకున్నాను. పాతవాటిలో ఈ ఏడాది దరఖాస్తుకు కావలసినవి ముందు.

రీటెస్ట్

మాస్టారు మళ్లీ కూర్చున్నారు. టెస్ట్ సర్వర్‌లో తెలుగు బటన్ నొక్కగానే గొంతు మారింది. ఓటీపీ ఒకే పెట్టె, పేస్ట్ అయింది. క్యాప్చా లేదు. ఖాళీ పెట్టె వదిలి పంపితే ఫోకస్ నేరుగా ఆ పెట్టె దగ్గరికి వెళ్లి "తండ్రి లేదా సంరక్షకుని పేరు నింపలేదు" అని చదివింది. మాస్టారు పేరు నింపి, మరెవర్నీ ఏమీ అడక్కుండా ఫీజు పేజీ దాకా వెళ్లారు.

ఫీజు పేజీలో ఆగారు. యూపీఐ, కార్డు ఎంచుకునే చోట బటన్లకు పేర్లు లేవు, అన్నీ "బటన్, బటన్". ఆ పేజీ మార్చడం సంస్థ చేతిలో లేదు. పేమెంట్ కంపెనీకి ఏం మార్చాలో నిబంధన నంబర్లతో రాసి ఇచ్చాను, వచ్చే ఒప్పందంలో యాక్సెసిబిలిటీ షరతు చేర్చమన్నాను. అంతవరకు ఈ ప్రక్రియకు డబుల్ ఏ అని నేను సంతకం పెట్టను. వాళ్లు "పాక్షికంగా అనుగుణం" అని రాయమన్నారు. ఏది నెగ్గింది, ఏది నెగ్గలేదు, ఎవరు ఎక్కడ ఆగిపోతారు అన్నది పేజీ పేజీకి రాసిస్తానన్నాను, అలాగే రాశాను.

వత్తులు ఇప్పుడు తెగడం లేదు, ఒక్క మొబైల్ మెనూలో తప్ప. క్యాలెండర్ పోయి మూడు పెట్టెలు వచ్చాయి. పరుగెత్తే ప్రకటనలు మాత్రం ఇంకా ఉన్నాయి, పక్కన ఆపే బటన్ పెట్టారు. నిబంధన నెగ్గింది. చివరి తేదీని పైన స్థిరంగా, మామూలు వాక్యంగా రాయమని మళ్లీ అడిగాను.

మిగిలినవాటిలో పెద్దది హాల్ టికెట్. అది ఇప్పటికీ ఒక బొమ్మగానే తయారవుతోంది. పరీక్ష కేంద్రం, సమయం, గది నంబరు ఏదీ చదవబడదు. దాన్ని యూనికోడ్ అక్షరాలతో వెబ్ పేజీగా ఇచ్చి, అచ్చు కోసం పీడీఎఫ్ విడిగా ఇవ్వాలని రిపోర్టు మొదటి వరుసలో పెట్టాను. హాల్ టికెట్లు విడుదలయ్యే లోపు అది కావాలి. వచ్చే వారం టాక్‌బ్యాక్ అనే ఆండ్రాయిడ్ స్క్రీన్ రీడర్‌తో ఫోన్ మీద చూసేటప్పుడు మొదట తెరవబోయేది అదే.